మన ఒంటికి కొలత ఏదీ?

2025 జూన్ 25 మధ్యాహ్నం. శుభాంశు శుక్లా ఎక్కిన రాకెట్టు అమెరికాలో లేస్తుంటే ఇక్కడ మా ఆశ్రమ పాఠశాలలో అన్నం గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. హాట్‌స్పాట్ ఇచ్చిన సెల్‌ఫోన్‌ను కిటికీలో పెట్టి, సిగ్నల్ పోయినప్పుడల్లా దాన్ని ఇటు జరిపి అటు జరిపి టీవీలో చూపించాం. రాకెట్టు మబ్బు దాటగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

అప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది. "సార్, పైన గాలి ఉండదంటిరి గదా. మరి ఆయనకు ఎండ సోకదా?"

మంచి ప్రశ్న. బోర్డు మీద గీసి చెప్పాం. పోడు చేనుకు కంచె ఉన్నట్టు భూమికి రెండు కంచెలున్నాయి. ఒకటి గాలి పొర, రెండోది అయస్కాంత క్షేత్రం. సూర్యుడి నుంచీ, అంతకంటే ఎంతో దూరంలో పేలిపోయిన నక్షత్రాల నుంచీ దూసుకొచ్చే కణాలను ఈ రెండూ చాలావరకు ఆపుతాయి. అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లకు గాలి పొర అండ లేదు. చంద్రుడికో అంగారకుడికో పోయేవాళ్లకు రెండో కంచె కూడా ఉండదు. ఆ కణాలు ఒంట్లోంచి దూసుకుపోతూ కణజాలంలోని డీఎన్ఏను తెంపుతాయి. భూమ్మీద మనకు ప్రకృతి నుంచి ఏడాది మొత్తానికి సగటున అందే రేడియేషన్ 2.4 మిల్లీసీవర్టులు. అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లకు అంత మోతాదు వారం లోపే అందుతుంది.

"ఎంత సోకిందో ఆయనకు ఎట్ల తెలుస్తది?"

కొలిచే పరికరం ఉంటుంది, దాన్ని డోసిమీటర్ అంటారు, ప్రతి రోజూ లెక్క రాస్తారు అని చెప్పాం.

"మనకు?"

గంట మళ్లీ కొట్టారు. పిల్లలు పళ్లాలు తీసుకుని పోయారు. ఆ ఒక్క మాటకు మేం జవాబు చెప్పలేదు. ఈ నాలుగు పేజీలూ ఆ బాకీ తీర్చడానికి రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. మనవాళ్లలో రాకెట్టు పేరెత్తగానే "గూడేనికి రోడ్డు లేదు, గర్భిణిని డోలీలో మోస్తున్నాం, వీళ్లకు చంద్రుడు కావాల్సొచ్చిందా" అనే వాదన వస్తుంది. మీటింగుల్లో మేమూ ఆ మాట అన్నాం, చప్పట్లు కూడా పడ్డాయి. ఇప్పుడు అనడం లేదు. గగన్‌యాన్‌కు కేంద్రం 2018లో ఇచ్చిన 9,023 కోట్లు 2024లో 20,193 కోట్లకు పెరిగింది. ఆ డబ్బు మిగిలితే మన వాగు మీద వంతెన కడతారని నమ్మేంత అమాయకత్వం మాకిప్పుడు లేదు. అదీగాక ఆ వాదన మనల్నే చిన్నబుచ్చుతుంది. బియ్యం, రోడ్డు తప్ప ఆదివాసీకి ఇంకేమీ అక్కర్లేదన్నట్టు, నక్షత్రాల సంగతి మనది కానట్టు. శ్రీహరికోట నుంచి లేచే ప్రతి రాకెట్టులోనూ మన వాటా ఉంది. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకోకముందు అక్కడి అడవిలో తేనె తీసి, గడ్డలు తవ్వి, చేపలు పట్టి బతికింది యానాదులు. ఆ నేల మీద అంతరిక్షం మొదలైందంటే వాళ్లు జరగబట్టే.

కాబట్టి అంతరిక్ష రేడియేషన్ పరిశోధనకు డబ్బు పెట్టొద్దని మేం అనం. పెట్టాలి. మా తగువు వేరే చోట ఉంది. ఒక మనిషి ఒంటికి రేడియేషన్ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి లోకం ఇంత శ్రద్ధ పెట్టగలదని రుజువైంది కదా, ఆ శ్రద్ధ ఎవరి ఒంటి దగ్గర ఆగిపోతోంది?

ఆ శ్రద్ధ ఎలాంటిదో చూడండి. అమెరికాలో న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ అనే జాతీయ ప్రయోగశాల ఉంది. అక్కడ నాసా, ఆ దేశ ఇంధన శాఖ కలిసి 3 కోట్ల 40 లక్షల డాలర్లతో ఒక ప్రత్యేక కేంద్రం కట్టాయి. 2003 నుంచి నడుస్తోంది. అంతరిక్షంలో తగిలే కణాల్లాంటివి భూమ్మీదే తయారుచేసి, ఎలుకల మీద, కణజాలం మీద వదిలి, క్యాన్సర్ ఎలా మొదలవుతుంది, గుండె ఎలా దెబ్బతింటుంది, మెదడు జ్ఞాపకశక్తి ఎలా తగ్గుతుంది అని ఏళ్ల తరబడి చూస్తున్నారు. 2011-12లో క్యూరియాసిటీ నౌక అంగారకుడికి పోతూ దారి పొడవునా రేడియేషన్ కొలిచింది. ఆ లెక్కన పోయి రావడానికే సుమారు 660 మిల్లీసీవర్టులు తగులుతుంది. మరి నాసా 2022లో పెట్టుకున్న హద్దు ఎంత? ఒక వ్యోమగామికి ఉద్యోగ జీవితం మొత్తానికి 600. అంటే అంగారకుడి దాకా పోయి రావడమే హద్దు దాటుతోంది. ఇక దాని మీద ఎన్ని కమిటీలు, ఎన్ని తర్జనభర్జనలు!

ఆ 600 లెక్క కట్టిన పద్ధతిని మన ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించాలి. ఒకప్పుడు ఆడవాళ్లకొక హద్దు, మగవాళ్లకొకటి, వయసును బట్టి ఇంకొకటి ఉండేవి. 2022లో అవి తీసేసి, ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లను కొలబద్దగా పెట్టుకున్నారు. ముప్పై అయిదేళ్ల స్త్రీకి ఎంతవరకు ఫరవాలేదో లెక్కగట్టి, దాన్నే అందరికీ హద్దు చేశారు. బలహీనంగా ఉన్నవాళ్లకు సరిపోతే బలంగా ఉన్నవాళ్లకూ సరిపోతుందన్నది అందులోని న్యాయం. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఆ హద్దులు కాగితం మీదవి కూడా కావు. పెగ్గీ విట్సన్ 600 రోజులకు పైగా అంతరిక్షంలో ఉన్న మనిషి. 2018లో నాసా నుంచి రిటైరయ్యాక, నా రేడియేషన్ కోటా నిండిపోయింది అని ఆమే చెప్పారు. అంత అనుభవం ఉన్నా కొలత చూసి ఇక చాలు అన్నారు. తర్వాత ఆమె ప్రైవేటు కంపెనీ తరఫున పోయారు, మన శుక్లా వెళ్లిన యాత్రకు కమాండర్ కూడా ఆమే. అది వేరే కథ. 2017లో అమెరికా చట్టసభ ఇంకో మెట్టు ఎక్కింది. రిటైరైన వ్యోమగాములకు అంతరిక్షం వల్ల వచ్చే జబ్బులను ప్రభుత్వమే కనిపెట్టి చూసి వైద్యం చేయించేలా చట్టం చేసింది.

కొలత, హద్దు, ముందే చెప్పి తీసుకున్న ఒప్పుకోలు, చచ్చేదాకా వైద్యం. ఒక మనిషికి ఇవ్వాల్సిన మర్యాద ఇదే. ఇందులో ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

అసలు రేడియేషన్ మనిషిని ఏం చేస్తుందో ఈ శాస్త్రవేత్తలకు ఎలా తెలిసింది? ఎలుకల నుంచి కొంత. ఎక్కువ భాగం మాత్రం హిరోషిమా, నాగసాకి జనం నుంచి. 1950 నుంచి సుమారు లక్షా ఇరవై వేల మందిని జీవితాంతం వెంట ఉండి లెక్క రాశారు. ఎవరికి ఏ క్యాన్సర్ ఎప్పుడొచ్చింది, ఎవరెప్పుడు పోయారు అని. ఈ రోజు వ్యోమగామి ప్రమాదాన్ని అంచనా వేసే లెక్కలకు ఆ చావుల పట్టికే పునాది. దాని తర్వాత చెప్పుకోవాల్సింది యురేనియం గని కార్మికులు. అక్కడే మనవాళ్లు కనిపిస్తారు. ఆ మనవాళ్లు అమెరికా ఆదివాసులు.

నవాహో అనే జాతి అరిజోనా, న్యూమెక్సికో, యూటా ఎడారుల్లో ఉంటుంది. గొర్రెలు కాసుకునే జనం. 1944 నుంచి 1986 దాకా వాళ్ల నేలలోంచి సుమారు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వుకుపోయారు. గనిలోకి దిగింది నవాహో మగవాళ్లే. లోపల రేడాన్ అనే వాయువు ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తులను లోపలి నుంచి కాలుస్తుంది. గాలి పంకాలు పెడితే చాలావరకు తగ్గేది. యూరప్ గనుల అనుభవంతో ఈ సంగతి డాక్టర్లకు అప్పటికే తెలుసు.

1950లో అమెరికా ప్రజారోగ్య శాఖ ఆ కార్మికుల మీద పరిశోధన మొదలుపెట్టింది. రక్తం తీశారు, ఎక్స్‌రేలు తీశారు, గనుల్లో గాలి కొలిచారు. అంటే డబ్బు ఉంది, పరికరం ఉంది, కొలత ఉంది. కొలిచిన సంగతి మాత్రం కార్మికుడికి చెప్పలేదు. ఇది నీ ప్రాణానికి ప్రమాదం అని చెబితే గని వదిలిపోతారు, గని ఆగితే బాంబు ఆగుతుంది. 1962 నాటికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ గనికీ లంకె ఉందని అచ్చులోకి వచ్చింది. గట్టి హద్దులు రావడానికి 1960ల చివరిదాకా పట్టింది. నవాహో ఊళ్లలో భర్త లేని ఆడవాళ్లు లెక్కకు మించి కనబడటం మొదలైన చాలా ఏళ్లకు, 1990లో, నష్టపరిహారం చట్టం వచ్చింది. గని కార్మికుడికి లక్ష డాలర్లు. దానికి కాగితాలు కావాలి. వాళ్ల పద్ధతిలో పెద్దల ముందు పెళ్లి చేసుకున్న విధవరాలిని పెళ్లి సర్టిఫికెట్ తెమ్మన్నారు. చదువుతుంటే ఎక్కడో విన్నట్టు అనిపించడం లేదూ? పోడు పట్టాకు మన ముసలమ్మను అడిగే కాగితాలు గుర్తు రావడం లేదూ?

ఆ చట్టం 2024 జూన్‌లో గడువు తీరి ఆగిపోయింది. మళ్లీ ప్రాణం పోసుకున్నది 2025 జూలైలో. మధ్యలో ఏడాదికి పైగా కొత్త దరఖాస్తు పెట్టుకునే దారే లేదు. ఒకే దేశం, ఒకే చట్టసభ. ఆకాశంలోకి పోయి వచ్చిన వాళ్లకు జీవితాంతం వైద్యం అంది. భూమి లోపలికి దిగి వచ్చిన వాళ్లను రుజువు చూపించమంది.

కొందరు చదువుకున్న మిత్రులు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్తారు. అంతరిక్ష రేడియేషన్ వేరు, గని రేడియేషన్ వేరు, రెంటినీ కలిపి గందరగోళం చేస్తున్నారు మాస్టారూ అని. తేడా ఉంది, ఒప్పుకుంటాం. అంతరిక్షంలోవి వెలుతురు వేగానికి దగ్గరగా వచ్చే కణాలు, ఒంటిని బయటి నుంచి చీల్చుకుని పోతాయి. రేడాన్ కణం నెమ్మదైనది, చర్మం కూడా దాటలేదు, ఊపిరితోనో నీటితోనో లోపలికి పోతేనే ప్రమాదం. కానీ ఆ కణం ఏమిటో పదో తరగతి పిల్లలనడగండి. ఆల్ఫా కణం, అంటే హీలియం కేంద్రకం. నక్షత్రాల నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల్లో నూటికి పన్నెండు పదమూడు వంతులు అదే హీలియం కేంద్రకం. వేగం వేరు, వచ్చే దారి వేరు, పేరు ఒకటే. కొలిచే సీవర్టు ఒకటే. తెగేది అదే డీఎన్ఏ. కొద్ది కొద్దిగా, చాలా ఏళ్లు సోకితే ఏమవుతుందన్నది రెండు చోట్లా ఇంకా తేలని ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే కొద్దిమంది వ్యోమగాములు చాలరు. ఏళ్ల తరబడి ఒకే చోట బతికే ఊళ్లు కావాలి. ఆ ఊళ్లు మనవి.

మన దేశానికి వద్దాం. జార్ఖండ్‌లో జాదుగూడ. సంతాలులు, హోలు ఉండే ఊళ్లు. 1967లో యురేనియం కార్పొరేషన్ పుట్టింది అక్కడే. గని పక్కనే వ్యర్థాల చెరువులు, ఆ పక్కనే ఇళ్లు. 2007లో ఇండియన్ డాక్టర్స్ ఫర్ పీస్ అండ్ డెవలప్‌మెంట్ అనే డాక్టర్ల సంఘం ఊళ్లలో తిరిగి సర్వే చేసి, గనికి దగ్గరి ఊళ్లలో అవయవ లోపాలతో పుట్టే పిల్లలు, పిల్లలు కలగని దంపతులు దూరపు ఊళ్ల కంటే ఎక్కువని చెప్పింది. అణుశక్తి శాఖ, రేడియేషన్ హద్దుల్లోనే ఉంది, జబ్బులకు వేరే కారణాలున్నాయి అంటూ వచ్చింది. ఎవరిది నిజం? మేం తేల్చలేం. తేలకపోవడానికి కారణం మాత్రం చెప్పగలం. అక్కడ గాలి, నీళ్లు కొలిచే ల్యాబు అణుశక్తి శాఖది. గని కూడా అణుశక్తి శాఖదే. అమ్మేవాడి చేతిలోనే తరాజు. సంతలో చింతపండు అమ్మిన ప్రతి ఆదివాసీకీ ఆ తూకం ఎలా ఉంటుందో తెలుసు. తూకం నిజంగా సరిగ్గా ఉన్నా నమ్మకం కుదరదు, అసలు నష్టం అదే.

కుదిరే పద్ధతి ఒకటి మన దేశంలోనే ఉంది. కేరళ తీరంలో కరునాగపల్లి. అక్కడి సముద్రపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, థోరియం వల్ల రేడియేషన్ ఎక్కువ. 1990 నుంచి అక్కడ క్యాన్సర్ రిజిస్టర్ నడుపుతున్నారు. ఇంటింటికీ తిరిగి ఇంట్లోపల, ఇంటి బయట రేడియేషన్ కొలిచారు. సుమారు 70 వేల మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి 2009లో ఫలితం ప్రచురించారు. ఆ సహజ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదని తేలింది. మాకు ఈ ఫలితం ఇబ్బందేమీ కాదు. మాకు కావలసిన జవాబే రావాలని మేం పట్టుబట్టడం లేదు. జాలర్ల పల్లెల్లో ఇంటింటికీ మీటరు పట్టుకుని పోగలిగిన దేశం, సంతాలుల గూడెంలో, చెంచుల పెంటలో ఎందుకు పోలేదన్నదే మా ప్రశ్న.

చెంచుల పేరెత్తాం కాబట్టి నల్లమల. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం వెతకడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ ఎండాకాలం, ఆ వానాకాలం పెద్ద కదలిక వచ్చింది. చెంచులు దారులకు అడ్డం కూర్చున్నారు, పట్నంలో సినిమావాళ్లు కూడా గొంతు కలిపారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అందరం సంబరపడి ఇళ్లకు పోయాం. రాళ్లలో యురేనియం అయితే అక్కడే ఉంది. దాని ధర పెరిగిన రోజు మళ్లీ వస్తారు.

మన పొరపాటు అక్కడే జరిగిందని మా అభిప్రాయం. గెలిచిన ఆ ఊపులోనే మనం ఇంకొకటి అడగాల్సింది. ఎవరూ తవ్వకముందే, ఈ రోజున, నల్లమల పెంటల్లో తాగే నీళ్లలో ఏముంది, గుడిసెలో రేడాన్ ఎంత, పిల్లలు ఎంత బరువుతో పుడుతున్నారు, ఎవరు ఏ జబ్బుతో పోతున్నారు అని రాసి పెట్టమని. ముందు రాసిన లెక్క లేకపోతే తర్వాత ఏ జబ్బొచ్చినా "ముందు నుంచీ ఉన్నదే" అంటారు. "సారా తాగుతారు, తిండి సరిగ్గా తినరు, మేనరికాలు చేసుకుంటారు" అంటారు. ఈ మాటలు మనం వినలేదా? ముందు లెక్క ఉంటే అది మన చేతిలో పట్టా లాంటిది. దానికయ్యే ఖర్చు గగన్‌యాన్ పద్దులో కనబడను కూడా కనబడదు.

అలాగని ఎవరొచ్చి సూది గుచ్చుతామన్నా చేయి చాపమని మేం చెప్పడం లేదు. పరిశోధన మన దగ్గరికి వచ్చినప్పుడు ఏం జరిగిందో ఖమ్మం జిల్లా మర్చిపోకూడదు. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో నడిపింది. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు, సుమారు పద్నాలుగు వేల మంది. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. ఆ చావులకు టీకా కారణమని తేలలేదు, విచారణ కమిటీ కాదనే చెప్పింది. టీకా కూడా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, దాన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. తప్పు వేరే ఉంది. హాస్టళ్లలో ఉన్న పిల్లలకు అమ్మానాన్నల ఒప్పుకోలు కాగితాల మీద వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది.

ఆ సంతకం పెట్టిన చేతులు మనలాంటి ఉపాధ్యాయులవే. పైనుంచి ఆర్డరొచ్చింది, పెట్టాం. ఏం కాగితమని ఎంతమందిమి చదివాం? ఇప్పటికీ మనలో ఎంతమందిమి చదువుతున్నాం? మా బడిలోనే ఒక ఏడాది రక్త పరీక్షలకని వచ్చి పిల్లలందరి దగ్గరా సీసాల్లో రక్తం తీసుకుపోయారు. కార్డులు వస్తాయన్నారు. ఆ బ్యాచి పిల్లలు పది పాసై, ఇద్దరికి పెళ్లిళ్లు కూడా అయ్యాయి, కార్డులు రాలేదు. ఫలితం తిరిగి రాని పరిశోధనకూ, 1950లో నవాహోలకు చేసినదానికీ తేడా కొలతలోనే గాని గుణంలో లేదు. వ్యోమగామికి తన మోతాదు తనకు చెప్తారు. చెప్పాకే సంతకం అడుగుతారు.

అందుకే అడిగేదేమిటో తేటగా అడుగుదాం. రేడియేషన్, ఆరోగ్యం మీద ఈ దేశం పెట్టే పరిశోధన డబ్బులో ఖనిజం ఉన్న ఊళ్లకు ఒక వాటా రాసి పెట్టాలి. ఆ డబ్బు అణుశక్తి శాఖ చేతిలో ఉండకూడదు. విశ్వవిద్యాలయానికో, వైద్య కళాశాలకో ఇవ్వాలి. పీసా చట్టం 1996లోనే వచ్చింది కాబట్టి గ్రామసభ ముందు మన భాషలో చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. ఫలితం మొదట అదే గ్రామసభలో చదవాలి. హద్దు గీసేటప్పుడు నాసా చేసినట్టే చేయాలి. ఒళ్లు గట్టిగా ఉన్న ఆఫీసరును కాకుండా, నెత్తురు తక్కువై నెలలు నిండిన చెంచు ఆడకూతురిని కొలబద్దగా పెట్టాలి. ఆమెకు ఫరవాలేదంటే అప్పుడు మాట్లాడదాం.

ఇక యువతకు. ఈ పనికి బయటివాళ్లే రావాలని ఎక్కడా రాసిలేదు. మన పిల్లలు డీఎడ్, బీఎడ్, నర్సింగు దాటి చూడటం లేదు. అందులో మా తప్పు ఉంది, ఎందుకంటే మేం చూసింది అంతే, చూపించిందీ అంతే. రేడియేషన్ భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, ప్రజారోగ్యం, ఈ చదువులు ఉన్నాయని కూడా ఇంటరు పిల్లలకు మనం చెప్పడం లేదు. కేంద్ర ప్రభుత్వం ఎస్టీ విద్యార్థులకు పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఇస్తుంది. మన భాష వచ్చినవాడు మీటరు పట్టుకుని పెంటలోకి పోతే, ముసలవ్వ తలుపు తీసే తీరే వేరుగా ఉంటుంది.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు పదిలోకి వచ్చింది. మొన్న ఆదివారం ఆమె, ఇంకో అయిదుగురు కలిసి మా చుట్టుపక్కల మూడు గూడేల్లో తాగునీటి బోర్లు, బావులు ఎన్నున్నాయో, ఎవరు దేన్ని తాగుతున్నారో, ఏ ఏడు తవ్వారో నోటుబుక్కులో రాసుకొచ్చారు. మొత్తం ఇరవై మూడు. మీటరు లేదు కాబట్టి నాలుగో గడి ఖాళీగా వదిలారు. దానికి పైన "కొలత" అని మాత్రం రాశారు. ఆ పేజీల జిరాక్సు కాపీ పెట్టి, నీళ్లు పరీక్ష చేయించండని వచ్చే గ్రామసభలో దరఖాస్తు ఇస్తున్నాం.